కొత్త ఏడాదికి నా మాట

అవ్వా,

నువ్వు పోయాక ఇదే మొదటి జనవరి ఒకటి. తెలంగాణ కోసం కూర్చున్న సిద్దిపేట దీక్షా శిబిరంలో మా సారు, కొత్త ఏడాదికి ఒకే మాట ఎంచుకొని అట్టమీద రాయమన్నారు. మగపిల్లలు పోరాటమనీ త్యాగమనీ రాశారు. నేను ‘మైకు’ అని రాశాను.

“గదేం మాటమ్మా? ఓపిక అని రాయి. ఆడపిల్లవు, మంచిగుంటది” అని సారు నవ్వారు.

నాకు ఒళ్లు మండింది.

“వంటావార్పు నాడు నడిరోడ్డు మీద మా అవ్వ అందరికి వండిపెట్టింది సార్. తెలంగాణ గురించి రెండు ముక్కలు మాట్లాడతనంటె మీరే మైకియ్యలె. ఇంకెంత ఓపిక పట్టాలె?”

పక్కనే గిన్నెలు తోముతూ విన్న ఎల్లవ్వ చేతులు కడుక్కుని వచ్చింది.

“నాకు రాయరాదు బిడ్డా. నాకు గూడ గదే మాట రాయి.”

రాసిచ్చి, ఇంకో అట్ట అడిగాను. ఎవరికని సారు అడిగారు. నీ పేరు చెప్పాను.