కుండీలు కదల్లేదు

అక్కయ్యకు నమస్కారాలు. బాల్కనీలో మొక్కలన్నీ ఇంటి ఓనరుగారు తీసేయమన్నారని ఫోన్లో ఏడ్చాను కదా, నువ్వు దిగులుపడుతుంటావని ఈ కార్డు రాస్తున్నాను. కుండీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చిక్కుడు కాపుకొచ్చింది.

తప్పు నాదే. పొద్దున్నే ప్రార్థన చదువుకుంటూ మొక్కలకు నీళ్ళు పోస్తాను. ప్రార్థన ముగిసేదాకా నా చేతిలో మగ్గు ఆగదు. ఆ నీళ్ళన్నీ కింది ఇంటి టైలరమ్మ ఆరేసిన బట్టల మీద పడ్డాయి. ఆమె వచ్చి అడిగితే, పైపు కారుతోందేమో అనేశాను. ఆమె ఓనరుతో చెప్పింది. పైపు బాగుచేయించాలి, ఆదివారంలోగా బాల్కనీ ఖాళీ చేయమన్నారు ఆయన. మనసొప్పక శనివారం కిందికి వెళ్ళి నిజం చెప్పేశాను.

"దణ్ణం దేవుడికీ, అభిషేకం నా బట్టలకా వదినగారూ!" అని ఆమె పడీపడీ నవ్వింది. "కిందికి వేలాడే ఆ తీగ మాత్రం తీయకండి. దాని నీడ నా కుట్టుమిషను మీద పడుతోంది. ఓనరుగారికి నేను చెప్తాలెండి" అంది.

ఆదివారం ఓనరుగారు వచ్చి, చూసి, గుప్పెడు చిక్కుళ్ళు పట్టుకెళ్ళారు. ఇప్పుడు కుండీల కింద పాత పళ్ళేలు పెట్టాను. ముందు నీళ్ళు, తర్వాతే ప్రార్థన. కూరలు కడిగిన నీళ్ళే సరిపోతున్నాయి.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? వంగమొక్కకు పేను పట్టింది, ఏం చల్లాలో రాయి. పాలకూర విత్తనాలుంటే కవర్లో పంపు. పిల్లలకు నా ఆశీస్సులు.

ఈ కార్డు దాచుకో, బావగారికి చూపించకు. నా నోట అబద్ధం రాదని ఆయన నలుగురిలో చెబుతుంటారు. అలాగే చెప్పుకోనీ.

నీ చెల్లెలు