ఊపిరాడని పడవ

గురుగ్రామ్, సోమవారం

పూజ్యులు సదాశివరావు మావయ్యకు మేనల్లుడు పృథ్వీరాజ్ నమస్కారాలు.

ఇంజన్ జబ్బు ఫోన్‌లో చెబితే వినను, నేవీలో కాగితం మీద రాసిస్తేనే చెయ్యి వేసేవాళ్ళం అన్నారు కదా. అందుకే మా ఆఫీసు క్యాబ్ డ్రైవర్ నవదీప్ భయ్యా చేత ఇది జనక్‌పురి పంపుతున్నాను. నేను కొన్న పాత తెరచాప పడవ నిన్న భావనను ఎక్కించుకుని సరస్సు మధ్యకు వెళ్ళాక ఆగిపోయింది. ఇక్కడి గాలికి నాణ్యత లేదని అందరికీ తెలుసు, వేగమూ లేదని నాకు తెరచాప ఎత్తాకే తెలిసింది. కాబట్టి డీజిల్ ఇంజనే దిక్కు. అది ఊపిరాడనట్టు కాసేపు కొట్టుకుని ఆగింది. ఎంత తిప్పినా మళ్ళీ అందుకోలేదు. చివరికి బాతు బొమ్మ పెడల్ బోటు వాళ్ళు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు.

వచ్చే ఆదివారం భావన వాళ్ళ నాన్నగారు, కంటోన్మెంటులో ఉండే కల్నల్ కోదండరామయ్య గారు, ఈ పడవ ఎక్కుతారట. పిల్లనిచ్చేదీ లేనిదీ దిగాక చెబుతారట. మీరే కాపాడాలి.

మీ పృథ్వీ

తా.క.: పడవకు మొదటి రోజు పూజ చేసిన అత్తయ్యకు థాంక్స్. నిమ్మకాయ ఇంకా వేలాడుతూనే ఉంది.

జనక్‌పురి, మంగళవారం

చిరంజీవి పృథ్వీకి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. రిటైరయ్యాక నన్ను ఇంజన్ సంగతి అడిగినవాడు లేడు. మిక్సీ ఆగినా బజారుకే పంపుతున్నారు. అడిగినందుకు చాలా సంతోషంరా.

అలా కొట్టుకుని ఆగిందంటే దానికి డీజిల్ అందడం లేదు. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు వంపెయ్యి. ఫిల్టరు మార్చు. ఇంజన్ పక్కనున్న మర వదులుచేసి, బుడగలు ఆగేదాకా పంపు కొట్టి, పైపుల్లో గాలి బయటికి తోలు. ఇద్దరు మనుషుల్ని ఇంజన్ రూములోకి దింపు. ఒకరు పైన నిలబడి ఆర్డర్లివ్వాలి.

మీ మావయ్య

తా.క.: ఉత్తరం చదువుతుండగానే మీ అత్తయ్య పప్పు మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద పప్పే లేదు.

గురుగ్రామ్, గురువారం

మావయ్యకు కృతజ్ఞతలతో నమస్కారాలు.

మా ఇంజన్ రూమంటే మెట్ల కింద పెట్టె. దాంట్లో నా తల పట్టింది, భుజాలు పట్టలేదు. ఆర్డర్లు భావన ఇచ్చింది. అందుకు ఆమెకు మీ నేవీ ట్రైనింగేమీ అక్కర్లేకపోయింది. మీరు చెప్పినవన్నీ చేశాను. ఇంజన్ హాయిగా తిరిగింది. మిమ్మల్ని తలుచుకుని దణ్ణం పెట్టి కాస్త దూరం వెళ్ళానో లేదో, మళ్ళీ ఆగింది. ఆ చొక్కాతోనే ఆఫీసు క్యాబ్ ఎక్కితే, సీఎన్‌జీ బండిలో డీజిల్ వాసనేమిటని మా కొలీగ్ మనీష పాపం నవదీప్ భయ్యాను నిలదీసింది.

మీ పృథ్వీ

తా.క.: డీజిల్ ఉందో లేదోనని ట్యాంకు మూత తిప్పితే ఉస్సుమంది. ఆ తర్వాత ఇంజన్ మామూలుగా స్టార్టయింది. ఇది ముఖ్యం కాదేమో.

జనక్‌పురి, శనివారం

చిరంజీవి పృథ్వీకి ఆశీస్సులు.

ముఖ్యమైనదంతా తా.క.లో రాసే అలవాటు నీకెవరు నేర్పార్రా? డీజిల్ ఖర్చవుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు డీజిల్‌ను వదలకుండా పట్టుకుంటుంది. నువ్వు మూత తీస్తే గాలి పీల్చుకుంది, అదీ సంగతి. పడవ వెనక అంచున వంకర తిరిగిన చిన్న గొట్టం ఉంటుంది. అదే దాని ముక్కు. కందిరీగ గూడు పెట్టి ఉంటుంది, పిన్నుతో పొడిచెయ్యి.

మీ మావయ్య

తా.క.: ఈసారి మీ అత్తయ్య దేవుడి గదిలోకి వెళ్ళింది.

గురుగ్రామ్, ఆదివారం

మావయ్యకు సాష్టాంగ నమస్కారాలు.

మీ ఉత్తరం నవదీప్ భయ్యా ఈ పొద్దున ఒడ్డు దగ్గర ఇచ్చాడు. చదివే తీరిక లేక జేబులో పెట్టుకుని కల్నల్ గారిని ఎక్కించుకున్నాను. సరస్సు మధ్యలో ఇంజన్ ఆగింది. నా తల పెట్టెలో ఉంది, భావనకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకని ఉత్తరం కల్నల్ గారే పైకి చదివారు, తా.క.తో సహా. తర్వాత భావన జడలోని పిన్ను తీసుకుని, వంగి, గొట్టాన్ని స్వయంగా పొడిచారు. వచ్చింది కందిరీగ గూడు కాదు, ఎండిన పసుపు ముద్ద. దాని మీద కుంకుమ బొట్టు. ఇంజన్ వెంటనే అందుకుంది. నాకు మాత్రం పెట్టెలోంచి తల బయటికి తియ్యబుద్ధి కాలేదు.

ఒడ్డుకు చేరాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "అన్నీ తెలుసనేవాళ్ళని సర్వీసంతా చూశానయ్యా. తెలీదని రాసి మరీ అడిగినవాణ్ణి ఇవాళే చూశాను. ఇక మీ పెద్దవాళ్ళని మాట్లాడమను" అన్నారు. మావయ్యా, ఈ మేలు జన్మలో మరిచిపోను.

మీ పృథ్వీ

తా.క.: పసుపు సంగతి అత్తయ్యకు చెప్పకండి. బాధపడుతుంది.

జనక్‌పురి, బుధవారం

చిరంజీవి పృథ్వీకి దుర్గాంబత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ మావయ్య నాకు చదివి వినిపించారు, తా.క.తో సహా.

పూజ రోజు నువ్వు డీజిల్ పోయిస్తుంటే ఆ వంకర గొట్టం నా చేతి మీద ఊదింది. అచ్చం వినాయకుడి తొండంలా ఉందని పసుపు ముద్ద పెట్టాను. ఊదడం ఆగితే స్వామి సంతోషించాడనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో ఊపిరాడలేదన్న మాట వినగానే నాకు తట్టింది. చెబుదామనే వంటింట్లోంచి వచ్చాను. చూస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని రాస్తున్నారు. రిటైరయ్యాక ఆయన్ని అలా చూడలేదురా. ఇంకో ఉత్తరం రానిద్దాంలే అని ఊరుకున్నాను. శనివారం చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆయనే కనిపెట్టేశారు. నాకెంత గర్వంగా అనిపించిందో! నువ్వు ఆయనకు థాంక్స్ చెబుతున్నావు గానీ, ఆయన్ని అడిగినందుకు నేనే నీకు చెప్పుకోవాలి.

మీ అత్తయ్య

తా.క.: కల్నల్ గారి జనరేటర్ మధ్యలో ఆగిపోతోందట, మీ మావయ్యకు రాసి పంపారు. నేను వాళ్ళింటికి వెళ్ళలేదు, ఒట్టు. నీ పడవ మళ్ళీ ఎప్పుడు ఆగుతుంది? ఆగకపోతే కబురు చెయ్యి, పసుపు పట్టుకుని వస్తాను.