ఆషాఢంలో పరిచిన చాప

బళేపేట, బెంగళూరు
పార్థివ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి

చిరంజీవి మునిరాజును నిండు నూరేండ్లు చల్లగా ఉండమని దీవించి అమ్మ రాసే జాబు.

ఇక్కడ మేమందరమూ బాగున్నాము. అక్కడ పూనాలో నువ్వూ వేళకు ఇంత తిని బాగున్నావని తలుస్తాను. బాగున్నామని రాయకపోతే జాబు మొదలు కాదు కాబట్టి రాసినాను గాని, కోర్టు నుంచి వచ్చినప్పటి నుంచి నాకు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. ఈసారి ఓబళప్పచేత రాయించలేదు. నా చేతిరాత వంకరటింకరగా ఉంటుంది, విసుక్కోకుండా చదువు. ఇందులో ఉన్నది అంగడి గుమాస్తాకు చెప్పి రాయించే సంగతి కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. ఫిరోజాబాదు నుంచి గాజుల పెట్టెలు వచ్చినాయి. పచ్చగాజులు సగానికి సగం నుగ్గు. ఓబళప్ప గూడ్సు షెడ్డులో వాళ్ళతో గొంతు పోయేదాకా కొట్లాడి వచ్చినాడు, వాళ్ళు మాత్రం పంపినవాళ్ళు పెట్టెల్లో గడ్డి సరిగా పెట్టలేదని నష్టం మనమీదే తోసినారు. యుద్ధం అయిపోయిందంటారు గాని రేషను అంగడిలో బియ్యం చూస్తే అట్లా అనిపించదు. బియ్యం ఏరుతున్నామా, రాళ్ళు ఏరుతున్నామా తెలియదు. నా మోకాలు ఎప్పటిమాదిరే. నీ పెండ్లాం కదిరమ్మ బాగుంది. నువ్వు పంపిన చీర ఇంకా మడత విప్పలేదు. ఎందుకే అంటే, "ఆయన వచ్చినాక కట్టుకుంటాలే అత్తా, ఇప్పుడు కట్టి ఎవురికి చూపించేది?" అనింది. అడిగినందుకు నాకు బాగా అయింది.

చూసినావా, రాయవలసింది రాయకుండా గాజులు, బియ్యం అని తిరుగుతున్నాను. మధ్యలో లేచి పొయ్యి చూసి వచ్చినాను. పొయ్యిలో నిప్పే లేదు.

నువ్వు కింద గీత గీసి అడిగిన మాటకు వస్తాను. "అమ్మా, కోర్టులో నా పక్కన నిలబడతావు కదా? లేనిది చెప్పమని నేను అనను. జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు" అని రాసినావు. చెప్పినానప్పా. జరిగింది జరిగినట్టే చెప్పినాను.

నీ వకీలు వెంకటరాయప్ప నన్ను ముందుగానే కోర్టు వసారాలో కూర్చోబెట్టి పాఠం చెప్పినాడు. "చూడమ్మా, పెండ్లయిన ఆడదానికి బిడ్డ పుడితే అది మొగుని బిడ్డే అంటాది చట్టం. మొగుడు చచ్చిపోయినంక తొమ్మిది నెలల పైచిల్లర లోపల పుట్టినా అంతే. మొగం పోలిక చూడదు, ఊరోళ్ళ మాట వినదు. మనకు ఉండేది ఒకే దోవ. బిడ్డ కడుపున పడిన దినాల్లో వాళ్ళిద్దరూ కలుసుకునేకి వీలే లేదని రుజువు చేయాల. ఆ రుజువు నీ నోట్లో ఉండాది" అన్నాడు.

"వీలుండి కలుసుకోలేదంటే?" అని అడిగినాను.

"వీలుంటే చాలు. ఆపైన చట్టం తలుపు తట్టి అడగదు."

నీ లెక్క నాకు తెలియనిది కాదు. మూడేండ్ల కిందట స్వభాను సంవత్సరం వైశాఖంలో మీ అన్న గోపాలప్పకూ నీకూ ఒకే పందిట్లో పెండ్లి చేసినాను. జ్యేష్ఠంలోనే కోడళ్ళిద్దరినీ పుట్టిండ్లకు పంపినాము, పార్వతమ్మను దొడ్డబళ్ళాపురానికి, కదిరమ్మను కాడుగోడికి. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. గోపాలప్ప గాజుల బేరమని ఆ నెలలో దొడ్డబళ్ళాపురం పోయినా, నేను వెంట ఉంటిని. శ్రావణంలో పార్వతమ్మను పిలుచుకొని రావాలనుకుంటుండగానే గోపాలప్పకు విషజ్వరం తగిలింది, వాడు మనల్ని విడిచిపోయినాడు. మరుసటి ఏడు చైత్రం చివర ఆమెకు మగబిడ్డ పుట్టినాడు. నువ్వు వేళ్ళు మడిచి లెక్క వేసినావు. ఆ బిడ్డ అన్నకు పుట్టినవాడు కాదు, వానికి మన ఇంటి పేరూ లేదు, అంగడిలో పాలూ లేదు అని దావా వేసి, ఉద్యోగమని పూనాకు పోయినావు.

మా వియ్యపురాలు, పార్వతమ్మ తల్లి భాగీరథమ్మ నీ పని ఇంకా సులభం చేసింది. ఆమె తన మనవని పక్షాన సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషి. వెంకటరాయప్ప లేచి, "ఆషాఢంలో మీ అల్లుడు మీ ఇంటికి వచ్చినాడా?" అని మెల్లగా అడిగినాడు. ఆమె కొంగు సర్దుకొని, "ఏం మాట అడుగుతారు సామీ! మాది మర్యాదగల ఇల్లు. ఆషాఢంలో కొత్తల్లుడు మా గడప తొక్కుతాడా? తొక్కనే లేదు! ఏ దేవుని మీదైనా ప్రమాణం చేస్తా!" అని కోర్టంతా వినబడేటట్టు చెప్పింది. వాళ్ళ వకీలు నెత్తి పట్టుకున్నాడు. పిచ్చి మహాతల్లి, గడప పరువు కాపాడి మనవని వీధిలో పెట్టింది. బయటికి వచ్చినాక కూడా తాను చేసింది తెలియక, బాగా చెప్పినాను కదా అన్నట్టు అందరి ముఖాలూ చూసింది.

పార్వతమ్మ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. "మా ఆయన వచ్చినాడు. చౌడమ్మ పెద్దమ్మ ఇంట్లో చూసినా. మా అత్తే చాప పరిచింది" అనింది. వెంకటరాయప్ప నవ్వి, "ఆ అత్తే మా సాక్షి" అన్నాడు. పార్వతమ్మ నా వైపు చూసింది. కాపాడమని అడిగే చూపు కాదు అది. నువ్వేం చెప్తావో చెప్పుకో అన్నట్టు ఊరికే చూసింది.

తరువాత నన్ను పిలిచినారు. బోనులోకి ఎక్కినాను.

"ఆ ఆషాఢంలో మీ పెద్దకొడుకు గాజులు తీసుకొని దొడ్డబళ్ళాపురం పోయినప్పుడు మీరూ వెంట ఉండారా?"

"ఉండాను."

"ఎక్కడ దిగినారు?"

"మా అక్క చౌడమ్మ ఇంట్లో."

"తిరిగి వచ్చేవరకు మీ కొడుకును విడిచిపెట్టి యాడికన్నా పోయినారా?"

"పోలేదు."

"ఆయప్ప అత్తగారింటికి పోయినాడా?"

"పోలేదు."

వెంకటరాయప్ప జడ్జిగారి దిక్కు తిరిగి, "అంటే పెండ్లాన్ని చూడనే లేదు" అన్నాడు. అది నన్ను అడిగిన ప్రశ్న కూడా కాదు. నేను ఊరికే ఉంటే సరిపోయేది.

"చూసినాడు సామీ. నేనే చూపించినాను" అన్నాను.

మునిరాజూ, ఇప్పుడు రాసేది నీకు ఏనాడో చెప్పవలసింది. జ్యేష్ఠంలో పార్వతమ్మ పుట్టింటికి పోయిన దినం వాళ్ళిద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆమె బండి ఎక్కి వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. నీకు కోపం వస్తే పెట్టెలు విసిరేస్తావు, కాసేపటికి నవ్వుతావు. వాడు అట్లా కాదు, లోపలే పెట్టుకొని కుమిలేవాడు. అన్నం ముందర కూర్చుని ముద్ద కలిపి కలిపి లేచిపోయేవాడు. ఇప్పుడు అతకకపోతే ఇంక ఈ కాపురం అతకదని నాకు భయం పట్టుకొంది. గాజుల బేరం అని వాణ్ణి బయలుదేరదీసినాను, అక్కను చూసి వస్తానని నేనూ బండెక్కినాను. చౌడమ్మ పోయి భాగీరథమ్మను, "రాగులు విసరాల, చేయితోడు కావాల, మీ అమ్మిని పంపు" అని అడిగింది. అంతలో వాన పట్టుకొంది. వాన విడిచినాక పంపిస్తాములే అని పిల్లను మా దగ్గరే ఉంచుకున్నాము. లోపలి గదిలో చాప నా చేతులతో నేనే పరిచినాను. మా అక్కా నేనూ బయట అరుగు మీద పడుకున్నాము. తెల్లవారినాక వంటింట్లో పార్వతమ్మ నవ్వు వినబడింది. వాడు అడిగి పెట్టించుకొని తిన్నాడు. అత్తగారి గడప తొక్కలేదు కదా, ఆషాఢం ఎక్కడ తప్పింది అని మా అక్కా నేనూ ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాము.

మరుసటి నెలలోనే వాడు పోయినాడు. శవం ఇంట్లో ఉండగానే నాకు ఆ చాప గుర్తుకు వచ్చింది. ఆచారం తప్పించి కొడుకును పొట్టన పెట్టుకున్నానని ఊరు అంటుందని నోరు మూసుకున్నాను. ఊరు అనడానికి ముందే నాకు నేనే అనుకున్నాను, రోజూ అనుకున్నాను. పోయిన ఏడు చౌడమ్మ కూడా కన్ను మూసింది. ఇంక ఆ మాట నా ఒక్కదానితోనే మిగిలిపోయింది.

ఇంకొక భయం నువ్వు. నీకు జ్ఞాపకం ఉంటుంది, ఆ ఆషాఢంలోనే ఒక దినం నువ్వు ఉతికిన చొక్కా వేసుకొని కాడుగోడికి బయలుదేరితివి. నేను వాకిలికి అడ్డం నిలిచి, "ఆషాఢం దాటేదాకా కాడుగోడి పేరెత్తితే నామీద ఒట్టు" అంటిని. నువ్వు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించితివి. నిన్ను అట్లా ఆపిన నేనే, పది దినాలు తిరగకుండా మీ అన్నను చేయి పట్టుకొని తీసుకొనిపోయినాను. నీ దావా అంతా దీనిమీదే కదా నిలిచింది? నన్ను గడప దాటనివ్వని అమ్మ అన్నను మాత్రం పోనిస్తుందా అని. నువ్వు పార్వతమ్మను అనుమానించలేదు నాయనా, నన్ను నమ్మినావు. ఈ మాట రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగినాను.

జడ్జిగారు ముసలాయన. కన్నడంలోనే అడిగినాడు. "ఇన్నేండ్లు ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆషాఢం తప్పించినా సామీ. అందుకే నా బిడ్డ చచ్చిపోయినాడేమోనని."

ఆయన కలం కింద పెట్టినాడు. "ఈ కోర్టుకు ఆషాఢం తెలియదమ్మా. విషజ్వరానికీ తెలియదు" అన్నాడు. అంతమందిలో నేను బోను కమ్మీ పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చినాను. వాడు పోయిన దినం కూడా అట్లా ఏడ్వలేదు.

వెంకటరాయప్ప నామీద నిప్పులు కక్కినాడు. "మన సాక్షివి, మన దావానే ముంచితివి కదమ్మా!" అన్నాడు. తిట్టనీ, ఆయన పని ఆయనది. నేను పార్వతమ్మనూ బిడ్డనూ జట్కాలో ఎక్కించుకొని ఇంటికి తెచ్చినాను. నిన్ను అడగలేదు. అడిగి ఉంటే వద్దనేవాడివి.

నాకంటే ముందే ఓబళప్ప వచ్చి కదిరమ్మకు అంతా చెప్పేసినాడు. ఆమె నాకు కాళ్ళకు నీళ్ళిచ్చి, "నిజమేనా అత్తా?" అనింది.

"నిజమే."

"ఆ నెలంతా నేను ఏం చేస్తా ఉంటినో మీకు తెలుసునా? బెంగళూరు బండి వచ్చే పొద్దుకు బిందె తీసుకొని టేసను పక్క బావికి పోతా ఉంటిని. ఇంటి ముందరే బావి ఉండాది మాకు. అయినా పోతా ఉంటిని, ఆయన దిగుతాడేమోనని."

ఆమె తిట్టలేదు, ఏడ్వలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నిమ్మళంగా ఉండేది. ఇంతలో బిడ్డ ఆకలికి రాగం అందుకున్నాడు. పార్వతమ్మ ఎత్తుకోవడానికి జంకుతూ తలుపు దగ్గరే నిలబడింది. కదిరమ్మ పోయి వాణ్ణి చంకన వేసుకొని, నోట్లో బెల్లం ముక్క పెట్టి, "లోపలికి రా అక్కా, ఎంతసేపు నిలుచుకుంటావు?" అని ఆమెను పిలిచింది. ఇప్పుడు కూడా వాడు ఆమె దగ్గరే నిద్రపోతున్నాడు.

తీర్పు వచ్చే వాయిదాకు చెప్తారట. వీలు ఉండిందని రుజువైంది, ఇంక బిడ్డ గోపాలప్ప బిడ్డే అంటారు అని వాళ్ళ వకీలు అంటున్నాడు. నేను నిన్ను అడిగేది ఒక్కటే. ఆ తీర్పు రాకముందే నువ్వు దావా విడిచిపెట్టు. కోర్టు మొట్టికాయ వేస్తే ఒప్పుకున్న చిన్నాయనవు కావద్దు. నామీద నీకు కోపం వస్తుంది, రావలసిందే. ఆ కోపం అంతా నాకు పంపు, జాబులో రాసి పంపినా సరే, వచ్చి ముఖం మీద అన్నా సరే. ఆ బిడ్డకు అందులో పాలు పెట్టవద్దు.

ఇంతసేపూ బిడ్డ, బిడ్డ అనే రాస్తున్నాను. వానికి పేరు లేక కాదు. పార్వతమ్మ వానికి మీ నాయన పేరు పెట్టింది. దావా కాగితాల్లో నువ్వు చదివే ఉంటావు. మొగుని పేరని నేను పలకను, మామ పేరని కోడళ్ళిద్దరూ పలకరు. ముగ్గురు ఆడవాళ్ళము వాణ్ణి ఒరే అనీ చిన్నోడా అనీ పిలుస్తున్నాము. దొడ్డబళ్ళాపురంలోనూ అందరూ చిన్నోడా అనే పిలిచినారట, తన పేరేమిటో వానికి ఇంకా తెలియదు. ఈ ఇంట్లో ఆ పేరు పలకగలిగిన మనిషివి నువ్వు ఒక్కడివే. సెలవు పెట్టి వచ్చి, వాణ్ణి పేరు పెట్టి పిలువు నాయనా.

ఇట్లు,
ఇద్దరు కొడుకులకూ ఒకే మాదిరి తల్లి కాలేకపోయిన మీ అమ్మ,
మునివెంకటమ్మ