రెండు రింగులు

2007 జూన్ 4, సోమవారం

ఒంటిగంటన్నరకు షాపు ఫోను రెండుసార్లు మోగి ఆగింది. అన్నం రెడీ అని అర్థం. నేను ఎత్తకూడదు. ఎత్తితే వెంకటలక్ష్మి మాట్లాడాలి. నాలుగేళ్లుగా మా ఆవిడ గొంతు ఎవరో పిసుకుతున్నట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఫోనులో అయితే అదీ రాదు.

అంతకుముందు ఇదే ఫోనులో, "ఏమప్పా, అన్నం చల్లారిపోతా ఉండాది, వస్తారా, కుక్కకేసేదా?" అని కాటన్‌పేట బజారు సగం వినేలా అరిచేది. జరీ కొనడానికి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ కేక కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

జూన్ 11

ఆస్పత్రికి వెళ్లాం. గొంతులో జబ్బేమీ లేదట. మెదడే గొంతుకు తప్పు ఆర్డర్లు వేస్తోందట. పోయినసారి గొంతులో ఇంజెక్షన్ వేస్తే నెల రోజులు మంచినీళ్లు కూడా పొలమారాయి. ఇక సూది వద్దని చేతులు జోడించేసింది. అందుకే ఈ కొత్త ట్రయల్. తల మీద కాయిల్ పెట్టి, బయటినుంచే మాగ్నెట్‌తో మెదడును తట్టి లేపుతారట. కోత లేదు, మత్తు లేదు. పది సిట్టింగులు. గ్యారంటీ ఉందా అని అడిగాను. లేదంది డాక్టరమ్మ. జరీకి నేనిస్తాను గ్యారంటీ, ఈమె ఇవ్వదు.

జూన్ 13

కాయిల్ రెండు దోసెలు పక్కపక్కన అతికించినట్టు ఉంది. టక్ టక్ మంటుంది. లోహం ఉండకూడదని కమ్మలు, పిన్నులు తీయించి నా చేతిలో పెట్టారు. బయట బెంచీ మీద గుప్పిట బిగించి కూర్చున్నాను. గొంతులో మార్పేమీ లేదు.

జూన్ 18

వచ్చింది!

నాలుగో సిట్టింగ్ అయి బయటికొస్తూ, మంచినీళ్లు ఎక్కడని ఆయాను అడిగింది. పూర్తి వాక్యం. ఎక్కడా తెగలేదు. నాలుగేళ్ల తర్వాత తొలి మాట ఆయాకు! ఒక గంట నిలవచ్చు, ఇంకా తక్కువ కావచ్చు, సిట్టింగులు పెరిగితే ఏమవుతుందో చూడాలి అంది డాక్టరమ్మ. ఆటోలో డ్రైవరుతో కన్నడలో బేరం. ఇంటికి రాగానే ఆనేకల్‌లో ఉన్న వాళ్లక్క అక్కయమ్మకు ఫోన్. ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు మధ్యలోనే గొంతు మళ్లీ పట్టేసింది.

నా వంతు రాలేదు.

జూన్ 20

నిన్న పక్కింటివాళ్లు. ఈరోజు యలహంకలో ఉన్న మా అమ్మాయి రంజిత, తర్వాత టైలరు. నన్ను అడిగింది ఒక్కటే, కమ్మలు జాగ్రత్తగా పెట్టానా అని. ఈ వయసులో, పెళ్లాం ఎవరెవరితో మాట్లాడిందని లెక్కపెడుతున్నాను. సిగ్గుగా ఉంది. అయినా పెడుతున్నాను.

జూన్ 25

రేపే చివరి సిట్టింగ్. సూరత్ నుంచి లోడు వస్తోంది, నేను రాను, రంజితను తీసుకెళ్లమన్నాను. నిజానికి లోడు వచ్చేది గురువారం. వెంకటలక్ష్మి నా మొహంలోకి కాసేపు చూసి, తలూపి వెళ్లిపోయింది.

జూన్ 26, సాయంత్రం

రంజిత నేరుగా షాపుకొచ్చి నన్ను కడిగేసింది. సిట్టింగ్ అయ్యాక వాళ్లమ్మ ఎవరితోనూ నోరు విప్పలేదట. రంజిత మొబైల్ లాక్కుని షాపుకు చేసిందట. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. నేను సూరత్‌వాడితో జరీ రంగు మీద గొడవపడుతున్నాను. నాకు మొబైల్ వద్దన్నదీ నేనే. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, గొంతు పోయేదాకా చేస్తూనే ఉందట.

ఇంటికొచ్చాక తీరిగ్గా చెప్పొచ్చు కదా, ఇన్నాళ్లూ పక్కనే ఉన్నానే, అన్నాను.

"రోజూ నువ్వు పక్కనే ఉంటివి కదా నాయనా. అమ్మ షాపుకు ఫోనెట్లా చేస్తాది?" అంది.

జూన్ 27

రెండు రింగులు. వెళ్లి తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

జూలై 2

గొంతు పాత దారికే వచ్చేసింది. కొందరికి నిలుస్తుందట, వెంకటలక్ష్మికి నిలవలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ సిట్టింగులు పెట్టవచ్చేమో చూద్దాం అంది డాక్టరమ్మ. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నావని ఇంట్లో అడిగాను. నవ్వింది. నవ్వు మాత్రం ఆమెకు ఎప్పుడూ తెగదు. నాకది చాలదు. ఆ కేకే కావాలి నాకు.

జూలై 9

ఒంటిగంటన్నర. రెండు రింగులు. ఆగలేదు. మూడు. ఎత్తాను.

"ఏ..." అని, అక్కడే చిక్కుకుపోయింది. వెనకాల కుక్కర్ విజిల్ వేసింది.

ఆమె ఫోను పెట్టేయలేదు. నేనూ.