ఏం కావాలో రాయని చీటీ

శుక్రవారం, తాండూరు

ఉదయం 11.20కి చర్చిలో మోకరించాను. ఎవరూ చెప్పలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియడం లేదు.

నా భార్య సునంద రొమ్ములోని గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపి మూడు వారాలైంది. ప్రతి శుక్రవారం ఆమెను ఉపవాస ప్రార్థనకు దింపి, నేను బయట బండి మీదే కూర్చునేవాణ్ణి. ఇవాళ ఆమెకు నీరసం. ప్రార్థన చీటీ నన్నే ఇచ్చి రమ్మంది. అక్కడే రాసి పాస్టరమ్మకు ఇచ్చాను. చదివి నవ్వింది.

"అన్నా, పేరు రాసినవ్, దవాఖాన రాసినవ్, తారీఖు గూడ రాసినవ్. గిది పేపర్ల ఏసే వార్త. నీ ఇంటామె కోసం దేవుణ్ణి ఏమడుగుతున్నవో రాయకపోతివి."

"ఇంకా రిపోర్టే రాలె గదమ్మా."

"వచ్చినంక అడుగుడేంది?" అని చీటీ తిరిగిచ్చింది. అప్పుడే మోకరించాను.

ఇంటికొచ్చి సునందను అడిగాను, ఏం రాయాలని.

"నాది నేను అడుక్కున్న. నీకేం కావాల్నో నువ్వు రాయి."

విలేకరిగా ముప్పై ఏళ్లలో నిర్ధారణ కానిది ఏ వార్తలోనూ రాయలేదు. ఆ గడ్డ ఏమిటో ఈపాటికే తేలి ఉంటుంది. అడిగితే మారుతుందా? మారదనుకుంటే మోకాళ్లెందుకు వంగాయి?

చీటీ జేబులోనే ఉంది. ఆదివారం తొమ్మిదిన్నరకు ఆరాధనలో చీటీలు చదువుతారు. సోమవారం పదింటికి వికారాబాద్ ఆస్పత్రిలో రిపోర్టు ఇస్తారు.