పెరటి ట్రాక్టరు కంప్రెషన్ చూసే హక్కు

ఈ ఇంటి ఇల్లాలిని, మా నాన్నకు పెద్ద కూతురిని అయిన నేను పూర్తి స్వస్థబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, వంటగది బల్ల దగ్గర కూర్చుని నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం నాకు ఆపరేషన్. భయపడాల్సిందేమీ లేదని డాక్టరుగారు మళ్ళీ మళ్ళీ చెప్పారు కాబట్టే రాస్తున్నాను. అసూయ ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదని వకీలుగారిని అడిగి నిర్ధారించుకున్నాను.

దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయిది. సాక్షుల్లో ఒకరు మా చెల్లెలు. సాక్షి సంతకం చేసినవారికి అదే వీలునామా కింద ఏమీ దక్కదని వకీలుగారు చెప్పారు. ఆ సంగతి విన్నాకే చెల్లెలిని సాక్షిగా ఎంచుకున్నాను.

1. ఇంట్లో నా వాటా, బ్యాంకులో నా పేరున ఉన్నదీ మావారికి, ఆయన తర్వాత మా అమ్మాయికి. బీరువా తాళం చక్కెర డబ్బా వెనక ఉంటుంది. ఆయన ముందు మా చెల్లెలిని అడుగుతారు. దానికి తెలియదు.

2. కుట్టుమిషను, గుండీల డబ్బా, పెద్ద కత్తెర మా అమ్మాయికి. ఆ కత్తెరతో కాగితం కత్తిరించిన రోజున ఈ అంశం రద్దు.

3. నా పెద్ద గిన్నె తీసుకెళ్ళి ఇంతవరకు తిరిగివ్వని తోటికోడలికి ఆ గిన్నెనే రాసిస్తున్నాను. మూత మా ఇంట్లోనే ఉంటుంది. ఇచ్చేది లేదు.

4. నీలం ఉన్ని శాలువా మా అత్తగారికి. "ఈ రంగు నీకు నప్పలేదే అమ్మాయ్" అంటూనే ఆవిడ దాన్ని చేత్తో తడుముతుంటారు. ఆవిడకు నప్పుతుంది.

5. షెడ్డులోని పాత పెరటి ట్రాక్టరు. గడ్డి కోయడానికి, చిన్న తొట్టిబండి లాగడానికి మా నాన్న కొన్నది. పోయేముందు ఆయన ట్రాక్టరు నాకిచ్చి, పనిముట్ల పెట్టె చెల్లెలికిచ్చారు. బండి నాదైంది, బాగుచేసే చెయ్యి దానిదైంది. ఇంజను నీరసించినప్పుడల్లా కంప్రెషన్, అంటే లోపలి గాలి నొక్కుడు ఎంతుందో చూడాలి. స్పార్కు ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద ఒకరు బొటనవేలు నొక్కి ఉంచాలి, ఇంకొకరు ఇంజను తాళం తిప్పాలి. లోపలి గాలి వేలిని గట్టిగా తోసేస్తే ఇంజను బాగున్నట్టు. చిన్నప్పుడు తాళం నాన్నది, వేలు చెల్లెలిది. నా పెళ్ళయ్యాక తాళం మావారిది, వేలు మళ్ళీ చెల్లెలిదే. పక్క వీధిలోనే ఉంటుంది కాబట్టి కేకేస్తే చాలు.

"ఏం డాక్టరమ్మా, నాడి చూస్తావా?" అంటారు మావారు. "ఫీజు ముందు పెట్టు బావా!" అంటుంది చెల్లెలు. ఆ నవ్వులు వంటగదిలోకి బాగా వినిపిస్తాయి. నన్ను మాత్రం "ఏమోయ్, రెండు టీలు" అని పిలుస్తారు. ఆ రెండింటిలో నాది లేదని ఇంతవరకు ఎవరికీ తోచలేదు.

వాళ్ళ మధ్య తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తప్పుంటే నోరారా తిట్టి ఊరుకునేదాన్ని. తప్పు లేని నవ్వును ఏమని తిట్టాలి?

అందుకే కంప్రెషన్ కొలిచే గేజి కొన్నాను. ముల్లు చూసి చెప్పడానికి ఎవరి వేలూ అక్కర్లేదు. కాబట్టి ట్రాక్టరు, గేజి, షెడ్డు తాళం మా అమ్మాయికి చెందుతాయి. మా చెల్లెలు ఆ ట్రాక్టరును ముట్టుకోరాదు.

ఇక్కడిదాకా రాసేసరికి షెడ్డులోంచి మావారి కేక. ట్రాక్టరు స్టార్టు కాలేదు. సాక్షి సంతకానికి వచ్చిన చెల్లెలు వరండాలోనే ఉంది. అది లేచేలోపే నేను గేజి పట్టుకుని వెళ్ళాను. ప్లగ్గు విప్పాను, దాని వైరు పక్కకు కట్టాను, గేజి బిగించాను. మావారు తాళం తిప్పారు. ముల్లు సగానికి కూడా ఎక్కలేదు. "ఇంజను లోపలి రింగులు అరిగిపోయాయి. ఇక పాతసామాన్ల వాడిని పిలవండి" అన్నాను. నా గొంతులో హుషారు నాకే వినిపించింది. మావారి మొహం వాడిపోయింది.

చెల్లెలు వచ్చి, గేజి చూస్తున్నట్టు నా భుజం మీదుగా వంగి, రెండో చేత్తో యాక్సిలరేటరు మీటను పూర్తిగా పైకి నెట్టింది. ఆ మీట దించి ఉంటే ఇంజనుకు గాలి అందదు, గాలి అందకపోతే ముల్లు లేవదు. ఏ పనైనా వరస తప్పకుండా చేసే నేను మీట సంగతి మరిచాను. "గేజి సరిగ్గా బిగియలేదేమో అక్కా, ఇంకోసారి చూడు" అంది, బావకు వినపడేలా. గేజి బిగువుగానే ఉందని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి ముల్లు జోరుగా లేచింది. చెడింది ప్లగ్గు మాత్రమే. "గేజి కొని మంచి పని చేశావోయ్!" అని మావారు నన్ను మెచ్చుకున్నారు.

నా పొరపాటును నా మొగుడి ముందు దాచిపెట్టింది. ఆ పని కూడా నాకంటే బాగా చేసింది. అందుకూ నాకు కుళ్ళే.

6. ఐదో అంశంలో ట్రాక్టరు, గేజిల పంపకం, చెల్లెలి మీద పెట్టిన నిషేధం రద్దు. నేను తిరిగి రాకపోతే ట్రాక్టరు మా చెల్లెలిది. దాన్ని తన ఇంటికి తోలుకుపోవాలి. గేజి మావారిది, అది ఈ ఇంట్లోనే ఉండాలి. చెల్లెలింట్లో తాళం తిప్పడానికి మా అమ్మాయి వెళ్ళాలి, మావారు కాదు. టీ ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి.

7. నేను ఆసుపత్రి నుంచి నడిచి వస్తే ఆరో అంశంతో పని లేదు. అప్పుడు వేలు పెట్టే చోటు నాది. ఎంత గట్టిగా నొక్కాలో చెల్లెలు నేర్పాలి, తాళం అదే తిప్పాలి. మావారు టీ పెట్టాలి, మూడు కప్పులు. నేను వచ్చేదాకా ఆ ప్లగ్గు ఎవరూ విప్పరాదు.

తేదీ: ఆపరేషన్‌కు ముందు ఆదివారం, మధ్యాహ్నం.

సంతకం: ట్రాక్టరు యజమానురాలు.

సాక్షులు:
పక్కింటి లెక్కల టీచరమ్మ.
వీధి చివరి మందుల దుకాణం ఆయన.

సాక్షుల్లో మొదట రాసిన మా చెల్లెలి పేరును నేనే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాను. "సంతకం వద్దనుకుంటే నన్ను పిలిచిందెందుకక్కా?" అని వరండాలో అలిగి కూర్చుంది. కారణం ఇప్పుడు చెప్పను. ఇది చదవాల్సిన రోజు వస్తే అదే తెలుసుకుంటుంది.