లడ్డూలు ముందే పంచాను

గురువారం, రాత్రి

గట్టిగా నమ్మితే ఉద్యోగం వచ్చి తీరుతుందట. అందుకే ఎయిర్‌పోర్ట్ కౌంటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి, ఫలితం రాకముందే వీధంతా లడ్డూలు పంచాను. విశ్వానికి నా నమ్మకం మీద అనుమానం రాకూడదు కదా!

ఫలితం ఈరోజు వచ్చింది. ఉద్యోగం నా దోస్తు ఇమ్రాన్‌ది. ఇంటర్వ్యూ రోజు మా ఊరు పాల్మాకుల నుంచి నన్ను బండి మీద దింపడానికి వచ్చి, ఊరికే ఉండలేక తనూ ఇంటర్వ్యూ ఇచ్చాడు.

"నేనేం నమ్మలేదు మామా. ఏసీ ఉందని లోపలికొచ్చిన, గంతే," అన్నాడు ఫోన్‌లో, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"ముబారక్ రా. దావత్ ఎప్పుడు?" అన్నాను. బాధేమీ లేదు. మత్తు సూది ఇచ్చాక పన్ను పీకినట్టుంది.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది: "డ్యూటీల ఎప్పుడు చేరుతవు బిడ్డా?"

"సోమవారం," అన్నాను.

సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో...